ముందు పంటి తెల్ల ఫిల్లింగ్ పసుపెక్కింది, తీయించేయాలా?

శ్రీకాకుళం నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్న ఇది. మూడేళ్ల కిందట మెట్ల మీద జారిపడి పై ముందు పన్ను మూల విరిగితే, లైట్ పెట్టి గట్టిపరిచే తెల్ల సిమెంట్ వేయించుకున్నారు. అప్పట్లో పంటిలో చక్కగా కలిసిపోయింది. ఇప్పుడు ఆ ముక్క పసుపుగా కనబడుతోంది, పన్నుతో కలిసేచోట సన్నటి గోధుమరంగు గీత కూడా వచ్చింది. ఒకచోట చూపిస్తే "తీసేసి కొత్తది వేయాలి, లేదంటే క్యాప్ పెట్టాలి" అన్నారట. "మొదట వేసినాయన చవక సరుకు వేసుంటాడు" అని ఇంట్లోవాళ్లు అంటున్నారట. లోపల పుచ్చిపోతోందని ఇంకెవరో అన్నారట. రోజూ మౌత్‌వాష్ వాడుతున్నారట. నెలన్నరలో తమ్ముడి పెళ్లి. రంగు మారని సిమెంట్ అసలు ఉందా అని అడుగుతున్నారు.

నేను విజయనగరంలో 22 ఏళ్లుగా పళ్ల డాక్టర్‌గా పనిచేస్తున్నాను. వారం గడిచేలోపు ఈ ప్రశ్న కనీసం ఒకరైనా అడుగుతారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

సూటి సమాధానం ముందే చెప్తాను. తొందరపడి తీయించకండి. మీరు చెప్పినలాంటి మార్పుతో వచ్చేవాళ్లలో ఎక్కువమందికి నేను చేసేది పాలిషింగ్ మాత్రమే. దానితో పోకపోతే పైపొర ఓ అర మిల్లీమీటరు తీసి కొత్త పొర వేస్తాను. మొత్తం తీయాల్సిన అవసరం కొద్దిమందికే వస్తుంది. ఇక రంగు అస్సలు మారని తెల్ల సిమెంట్ అంటారా, అలాంటిది లేదు. ఎంత ఖరీదైనదైనా ఎంతోకొంత మారుతుంది. ఎంత త్వరగా మారుతుందన్నది సరుకు ఒక్కటే తేల్చదు. వేసిన చెయ్యి, పట్టిన లైటు, చివర్లో ఇచ్చిన నునుపు, మీరు తాగే టీ, అన్నీ కలిసి తేలుస్తాయి.

తీయించొద్దని ఎందుకంత గట్టిగా అంటున్నానంటే, ఈ సిమెంట్ పంటి రంగులో కలిసిపోయేలా తయారైన సరుకు. తీసేటప్పుడు సిమెంట్ ఎక్కడ అయిపోయిందో, పన్ను ఎక్కడ మొదలైందో డాక్టర్ కంటికి కూడా సరిగ్గా ఆనదు. ఎంత జాగ్రత్తపడినా చుట్టూ కొంత మంచి పన్ను అరిగిపోతుంది. మార్పించిన ప్రతిసారీ గుంట కొంచెం పెద్దదవుతుంది. నా దగ్గరికి వచ్చిన ఒకావిడ పదేళ్లలో మూడుసార్లు, మూడు ఊళ్లలో, రంగు కోసమే ఫిల్లింగ్ మార్పించుకున్నారు. మొదట విరిగింది గోరంత మూల. నేను చూసేసరికి ముందు పన్ను సగం సిమెంటే. ఇక క్యాప్ తప్ప దారి లేకపోయింది. ఆవిడ వయసు అప్పటికి 31. ఆ పన్ను ఇంకా 40 ఏళ్లు పనిచేయాల్సింది కదా అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అందుకని, రంగు మారిందనగానే నేను మొదట చూసేది ఎక్కడ మారింది అన్నది. పైపైన మారిందా, అంచున మారిందా, లోపలినుంచి మారిందా? మూడింటికీ కారణాలు వేరు, వైద్యమూ వేరు.

పైపైన మారితే

ఇది అన్నిటికన్నా ఎక్కువగా కనబడేది, అన్నిటికన్నా సులువుగా పోయేది కూడా. కాంపోజిట్ అనే ఈ సిమెంట్‌లో రెండు భాగాలుంటాయి. ఒకటి రెజిన్, అంటే ప్లాస్టిక్ లాంటి జిగురు. రెండోది ఆ జిగురులో కలిపిన సన్నటి గాజు, సిలికా రేణువులు. నమిలేటప్పుడు, తోముకునేటప్పుడు జిగురు ముందు అరుగుతుంది, గట్టి రేణువులు పైకి తేలతాయి. పైభాగం గరుకవుతుంది. ఆ గరుకులో టీ, కాఫీ, కిళ్లీ రంగు చేరి కూర్చుంటుంది.

ఇది మీరే ఇంట్లో చూసుకోవచ్చు. పన్ను మీద నాలుక పెట్టి, అసలు పన్ను మీదినుంచి సిమెంట్ మీదకి మెల్లగా జరపండి. పన్ను మీద గాజులా జారి, సిమెంట్ దగ్గరికి రాగానే ఎక్కడో తట్టుకున్నట్టుంటే పైభాగం గరుకైందని అర్థం. నాలుక చాలా సున్నితమైనది, నా పరికరం గుర్తుపట్టని గరుకు కూడా ఒక్కోసారి పేషెంటు నాలుక చెప్పేస్తుంది.

చీపురుపల్లి వైపునుంచి ఒక టీచరమ్మ వచ్చారు. రోజుకి ఆరు టీలు. రెండు ముందు పళ్ల మధ్య సందు మూయడానికి ఐదేళ్ల కిందట వేసిన సిమెంట్ తేనెరంగులోకి వచ్చేసింది. "డాక్టర్ గారూ, మొత్తం తీసేయండి, పిల్లల ముందు నవ్వలేకపోతున్నాను" అన్నారు. పది నిమిషాలు ఆగమని చెప్పి పాలిషింగ్ డిస్క్ తీశాను. పావలా బిళ్లకన్నా చిన్న పలుచటి డిస్క్ అది. ముందు కొంచెం గరుకుది, తర్వాత మెత్తనిది, తర్వాత ఇంకా మెత్తనిది, నీళ్లు చల్లుకుంటూ వరసగా తిప్పాలి. మొదటి డిస్క్‌కి గోధుమరంగు బురదలా వచ్చింది. రెండోదానికి కింద తెలుపు కనబడింది. ఆఖర్న డైమండ్ పేస్ట్ పెట్టి ఫెల్ట్ చక్రంతో రుద్దితే, నా తల మీది లైటు ఆ సిమెంట్‌లో చిన్న చుక్కలా మెరిసింది. పని అయ్యిందనడానికి నేను పెట్టుకున్న గుర్తు ఆ చుక్కే. లైటు చెదిరి మసకగా కనబడుతోందంటే ఇంకా గరుకున్నట్టు. అద్దం ఇస్తే ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. ఫిల్లింగ్ ఖర్చులో చిన్న వంతుతో అయిపోయింది. ఏడాదికోసారి వచ్చి మెరుగు పెట్టించుకుంటున్నారు.

పసుపు సంగతి

మన ఇళ్లలో దీని గురించి విడిగా చెప్పుకోవాలి. పాశ్చాత్యుల పుస్తకాల్లో కాఫీ, రెడ్ వైన్ గురించి పేజీలు పేజీలుంటాయి. మనకి వాటికన్నా పెద్దది పసుపు. పసుపులో కర్కుమిన్ అనే రంగు పదార్థం నీళ్లలో సరిగ్గా కరగదు, నూనెలో కరుగుతుంది. రెజిన్ కూడా నూనె జాతిదే. అందుకని కర్కుమిన్ పైన అంటుకుని ఊరుకోదు, కాస్త లోపలికీ దిగుతుంది. నూనె, పులుపు, పసుపు మూడూ ఒకచోట ఉండే ఆవకాయలాంటిది తింటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. క్లిప్పులు పెట్టించుకున్న పిల్లల తల్లులకి ఇది బాగా తెలుసు. తీగకి వేసిన తెల్ల రబ్బర్లు ఒక్క పూట పప్పుచారుతో నిమ్మపండు రంగులోకి మారిపోతాయి.

కానీ పసుపులో ఒక మంచి గుణం ఉంది. పసుపు మరక పడ్డ చీరని ఉతికి ఎండలో ఆరేస్తే మరక పలచబడుతుంది కదా. కర్కుమిన్ వెలుతురుకి నిలవదు. అందుకే కొత్తావకాయ రోజుల్లో పసుపెక్కిందని కంగారుపడి వచ్చినవాళ్లకి, బాగా తోముకుని రెండు మూడు వారాలు చూడమంటాను. కొంత దానంతటదే దిగుతుంది. టీ మరకకి ఈ గుణం లేదు, దాన్ని తీయాల్సిందే. మీకు ఉన్నట్టుండి ఏప్రిల్, మే నెలల్లో పసుపు పెరిగినట్టుంటే ముందు దీన్ని అనుమానించండి.

ఇంకో మరక మౌత్‌వాష్‌ది. చిగుళ్ల కోసం డాక్టర్లు రాసిచ్చే క్లోర్‌హెక్సిడిన్ మందు మంచిదే, కానీ డాక్టర్ చెప్పిన రోజులవరకే. మామూలుగా రెండు వారాలు. చల్లగా, హాయిగా ఉందని నెలల తరబడి పుక్కిలిస్తే, టీలోని పదార్థాలతో కలిసి పళ్ల మీదా, సిమెంట్ మీదా గోధుమరంగు పట్టేస్తుంది. మీరు రోజూ మౌత్‌వాష్ వాడుతున్నానన్నారు. సీసా మీద క్లోర్‌హెక్సిడిన్ అని ఉందేమో ఒకసారి చూడండి. ఉంటే, ఎవరూ ఇంకా వాడమని చెప్పకపోతే, ఆపేయండి.

లోపలినుంచి మారితే

పైన మెరుగు పెట్టినా పసుపు అలాగే ఉంటే, రంగు సిమెంట్ ఒంట్లోనే ఉందని అర్థం. ఇందులో పేషెంటు తప్పు తక్కువ, మా డాక్టర్ల బాధ్యత ఎక్కువ.

చాలామంది దీన్ని "లేజర్ ఫిల్లింగ్" అంటారు. అది లేజర్ కాదు, నీలం రంగు వెలుతురు. సిమెంట్‌లో క్యాంఫర్‌క్వినోన్ అనే పదార్థం చాలా కొద్దిగా కలుపుతారు. అది సహజంగానే పసుపు పచ్చని పొడి. దాదాపు 470 నానోమీటర్ల నీలి వెలుతురు తగలగానే పనిచేసి, పేస్ట్‌ని రాయిలా గట్టిపరుస్తుంది. ఆ పనిలో దాని పసుపు కూడా చాలావరకు పోతుంది. వెలుతురు చాలకపోతే రెండు నష్టాలు. పని జరగని క్యాంఫర్‌క్వినోన్ పసుపు అలాగే ఉండిపోతుంది. సరిగ్గా గట్టిపడని రెజిన్ నీళ్లనీ, వాటితో పాటు రంగుల్నీ పీల్చుకుంటుంది. దీనికి తోడు, క్యాంఫర్‌క్వినోన్‌కి సాయంగా వేసే ఎమైన్ అనే పదార్థం ఏళ్లు గడిచేకొద్దీ గాలి తగిలిన యాపిల్ ముక్కలా ముదురుతుంది. ఎంత బాగా లైట్ పెట్టినా రెజిన్ మొత్తం గట్టిపడదు, నూటికి సుమారు 50 నుంచి 75 పాళ్లే. మిగిలిన భాగం ఎంత తక్కువుంటే రంగు అంతకాలం నిలుస్తుంది.

ఇందులో నాకు నేరుగా తగిలిన దెబ్బ ఒకటి చెప్పాలి. ప్రాక్టీసు పెట్టిన ఆరో ఏడో ఏట, కొన్ని నెలల్లోనే ఫిల్లింగులు పసుపెక్కాయని వరసగా నలుగురు తిరిగొచ్చారు. బొబ్బిలి వైపునుంచి వచ్చిన ఒక పెద్దాయన కుర్చీలో కూర్చోగానే "ఇదేటి బాబూ, సంవత్సరమైనా అవలేదు, ఇలాగైపోనాది" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ కుదిపింది. సరుకు మార్చాను. మళ్లీ అదే. చివరికి లైటు తీవ్రత కొలిచే మీటర్ తెప్పించి పెట్టి చూస్తే, నా లైటు ఉండాల్సిన వెలుతురులో సగం కూడా ఇవ్వడం లేదు. కంటికి మాత్రం నీలంగా, ప్రకాశవంతంగానే కనబడుతోంది. పాత హాలోజన్ బల్బు నీరసించింది, దాని కొస మీద ఎండిన సిమెంట్ పొక్కు ఒకటి అతుక్కుని ఉంది. ఆ నలుగురికీ డబ్బు తీసుకోకుండా మళ్లీ చేశాను. అప్పటినుంచి ప్రతి సోమవారం పొద్దున్న మొదటి పేషెంటుకన్నా ముందు మీటర్ మీద లైటు పెట్టి చూస్తాను. చదువుతున్న చిన్న డాక్టర్లుంటే, దయచేసి మీరూ ఇది చేయండి. మంచి సరుకు కొన్నామన్న ధీమా వెలుతురు లేనిదే ఎందుకూ పనికిరాదు.

లోతుగా ఉన్న గుంటని ఒక్కసారే నింపేయడం కూడా ఇలాంటిదే. మామూలు కాంపోజిట్‌ని 2 మిల్లీమీటర్లకి మించని పొరలుగా వేసి, ఒక్కో పొరకీ విడిగా లైట్ పెట్టాలి. ఇంకోటి, గాలిలోని ఆక్సిజన్ అన్నిటికన్నా పైపొరని గట్టిపడనివ్వదు. వేలు పెడితే జిగటగా తగులుతుంది. దాన్ని అలా వదిలేస్తే కొద్ది వారాల్లోనే మరకలు పీలుస్తుంది. అందుకే ఆఖరి పొరకి గాలి తగలకుండా గ్లిజరిన్ జెల్ రాసి మళ్లీ లైట్ పెడతాం, తర్వాత ఆ పైభాగం తీసి నునుపు చేస్తాం. "పని అయిపోయిందిగా, ఇంకా ఏం రుద్దుతున్నారు" అని విసుక్కునేవాళ్లున్నారు. ఆ చివరి పది నిమిషాల మీదే రాబోయే ఐదేళ్ల రంగు ఆధారపడి ఉంటుంది.

అంచున గీత వస్తే

మీకు బాగా భయం కలిగించింది ఇదే అనుకుంటాను, "లోపల పుచ్చిపోతోంది" అని ఎవరో అన్నారన్నారు. ఆ గీత ఒక్కదాన్ని చూసి పుచ్చు అనకూడదు.

కాంపోజిట్ గట్టిపడేటప్పుడు కాస్త కుంచించుకుపోతుంది, ఘనపరిమాణంలో నూటికి ఇంచుమించు 2, 3 పాళ్లు. ఆ లాగుడుకి అంచున వెంట్రుకకన్నా సన్నటి సందు పడవచ్చు. లేదా పన్ను మీదకి పలచగా సాగిన సిమెంట్ రెక్క కొన్నాళ్లకి విరిగి మెట్టులా మిగలవచ్చు. రెండింట్లోనూ రంగు చేరి గీతలా కనబడుతుంది. నేను గాలి కొట్టి ఆరబెట్టి, లూప్స్ (పెద్దదిగా చూపే కళ్లద్దాలు) పెట్టుకుని చూస్తాను. గీత సన్నగా, గట్టిగా ఉండి, పక్కన పన్ను మెరుస్తూనే ఉంటే అది మరకే. అంచుని సున్నితంగా మెరుగు పెడితే చాలాసార్లు పోతుంది. పోకపోతే సన్నని గాడి తీసి అక్కడివరకే కొత్త సిమెంట్ నింపుతాను. గీత పక్కన పన్ను సుద్దలా తెల్లబడినా, బూడిదరంగు నీడ పాకినా, మెత్తగా తగిలినా, చల్లటి నీళ్లకి జివ్వుమన్నా అప్పుడు పుచ్చు సంగతి చూడాలి. ఎక్స్‌రే తీయాలి.

సిమెంట్ కాదు, పన్నే మారితే

ఇది చాలామంది పట్టించుకోరు. కబడ్డీలో మోచెయ్యి తగిలి పన్ను విరిగిన కుర్రాడు ఒకడు వచ్చాడు. డిగ్రీ చదువుతున్నాడు. ఫిల్లింగ్ వేసిన రెండేళ్లకి "సిమెంట్ రంగు కలవడం లేదు" అని ఫిర్యాదు. చూస్తే సిమెంట్ వేసిన రోజు రంగులోనే ఉంది. పన్నే బూడిదరంగుకి తిరిగింది. దెబ్బకి లోపలి నరం మెల్లగా చచ్చిపోయింది, నొప్పి కూడా రాలేదు. అతనికి కావాల్సింది కొత్త ఫిల్లింగ్ కాదు, రూట్ కెనాల్. అది చేసి, లోపలినుంచి బ్లీచింగ్ మందు పెడితే పన్ను తిరిగి తెల్లబడింది, పాత సిమెంటే సరిపోయింది. అమ్మా, మీ పన్ను కూడా పడిపోయి విరిగిందే కాబట్టి, పక్క పన్నుతో పోల్చి ఈ పన్ను మొత్తం ముదిరిందా అన్నది తప్పకుండా చూపించుకోండి.

మరి చవక సరుకేనా?

చెప్పలేం. చూడకుండా ఎవరూ చెప్పకూడదు కూడా. మంచి లైటు కింద, నునుపు చేసిన మామూలు కాంపోజిట్ ఐదారేళ్లు చెక్కుచెదరకపోవడం చూశాను. ఖరీదైనది ఏడాదికే పాడవడమూ చూశాను.

అయినా సరుకుల మధ్య తేడా ఉంది. 1955లో బ్యూనోకోర్ అనే ఆయన ఎనామిల్‌ని, అంటే పంటి పైనున్న గట్టి పొరని, ఆమ్లంతో గరుకు చేస్తే రెజిన్ పట్టుకుంటుందని చూపించారు. 1962లో బోవెన్ బిస్-జీఎంఏ అనే రెజిన్‌కి పేటెంట్ తీసుకున్నారు. ఇప్పుడు మనం వేసేదంతా ఆ రెండింటి మీద కట్టిందే. తొలిరోజుల సరుకులో రేణువులు పెద్దవి, మెరుగు నిలిచేది కాదు. రెండు పేస్టులు కలిపితే దానంతటదే గట్టిపడే రకం అయితే ఎమైన్ ఎక్కువ కావడంతో బాగా పసుపెక్కేది. ఇప్పటి నానోహైబ్రిడ్ రకాల్లో రేణువులు చాలా సన్నం, మెరుగు ఎక్కువకాలం నిలుస్తుంది. క్యాంఫర్‌క్వినోన్ తగ్గించి పసుపు తక్కువుండే వేరే పదార్థాలు కలిపినవి కూడా వచ్చాయి. ముందు పళ్లకి నేను ఇలాంటివే వాడతాను. మే నెలలో విజయనగరం ఎండకి మూసిన క్లినిక్‌లో సిరంజిలు వేడెక్కకుండా ఫ్రిజ్‌లో పెడతాను, వాడే గంట ముందు బయటికి తీస్తాను.

గ్లాస్ అయనోమర్ అనే ఇంకో తెల్ల సిమెంట్ ఉంది. విల్సన్, కెంట్ అనేవాళ్లు 1970ల మొదట్లో తెచ్చారు. ఫ్లోరైడ్ వదులుతుంది, తడి ఉన్నచోట కూడా పన్నుకి అంటుకుంటుంది. పాలపళ్లకి, పెద్దవాళ్ల చిగురు దగ్గర అరుగుళ్లకి నాకు చాలా ఇష్టమైన సరుకు. కానీ సుద్దలా మందంగా కనబడుతుంది, కాంపోజిట్ కన్నా త్వరగా గరుకై మరక పడుతుంది. వేసిన మొదటి రోజు తడికీ, పొడికీ రెండింటికీ ఓర్వదు, అందుకే పైన వార్నిష్ గానీ వాసెలిన్ గానీ పూస్తాం. ముందు పన్ను మూలకి ఇది సరైనది కాదు. మీకు వేసింది ఏ రకమో పాత చీటీ ఉంటే చూడండి.

రంగు నిలకడలో అన్నిటికన్నా ముందుండేది పింగాణీ, అంటే సిరామిక్. క్యాప్, వెనీర్ (పంటి ముందువైపు అంటించే పలుచటి రేకు) దానితోనే చేస్తారు. మరక దాదాపు పట్టదు. కానీ దానికోసం మంచి పన్నుని చెక్కాలి, చెక్కింది తిరిగి రాదు. గోరంత మూల కోసం పన్ను మొత్తం చెక్కడం నాకు ఒప్పుదల కాదు.

రంగు కుదరకపోవడంలో ఇంకో చిన్న కారణం ఉంది. పన్ను ఆరిపోతే తెల్లబడుతుంది. నోరు తెరిచి అరగంట ఉంటే చాలు. ఆరిన తర్వాత షేడ్ గైడ్ (పంటి రంగుల నమూనాలు) పెట్టి చూస్తే ఏ3 రంగు పన్ను దానికన్నా తెల్లనైన ఏ2లా కనబడుతుంది, దానికి తగ్గట్టు వేస్తే మర్నాడు పన్ను తడిసి మామూలు రంగుకి వచ్చాక సిమెంట్ ముక్క తెల్లగా ఎత్తి కనబడుతుంది. నా మొదటి ఏళ్లలో ఒక పెళ్లికూతురికి ఇలాగే జరిగింది. ఇప్పుడు పేషెంటు కూర్చోగానే, మరే పనీ మొదలుపెట్టకముందే, కిటికీ వెలుతురులో రంగు చూస్తాను. అనుమానముంటే చిటికెడు సిమెంట్ పన్ను మీద పెట్టి, అంటించకుండా లైట్ పెట్టి చూసి తీసేస్తాను. మీరు అద్దం ముందు రోజూ చూసుకోవడం వల్ల కూడా తేడా పెద్దదిగా అనిపిస్తుందని మరవకండి. రంగు తేడాని డెల్టా ఈ అనే లెక్కతో కొలుస్తారు. 2015లో అచ్చయిన ఒక అధ్యయనం ప్రకారం సగం మంది కళ్లు గుర్తుపట్టే తేడా 1.2, సగం మంది ఇక ఒప్పుకోలేమనే తేడా 2.7. అంటే కనబడే తేడాకీ, బాధించే తేడాకీ మధ్య చాలా చోటుంది.

మీరు ఇంట్లో చేయగలిగింది

టీ మానేయమని చెప్పను, చెప్పినా ఎవరూ మానరు. తాగాక ఒక గుక్క నీళ్లు నోట్లో తిప్పి మింగండి. కొత్తగా సిమెంట్ వేయించుకున్న మొదటి రోజు మాత్రం టీ, పసుపు కూరలు, కిళ్లీ తప్పించి పెరుగన్నం, ఇడ్లీ, పాలతో సరిపెట్టుకోండి. లైట్ ఆపాక కూడా సిమెంట్ గట్టిపడటం ఓ రోజు వరకు సాగుతూనే ఉంటుంది. బొగ్గు పొడి, కచ్చిక, ఉప్పు, ఎర్ర పళ్లపొడి, ఇవేవీ ముందు పంటి సిమెంట్ మీద వద్దు. ఆ రోజుకి తెల్లబడినట్టుంటుంది, నిజానికి గీతలు పడి వచ్చే నెలకి ఇంకా ఎక్కువ మరక పడుతుంది. మెత్తటి బ్రష్, మామూలు పేస్ట్ చాలు. ఐరన్ టానిక్ తాగుతుంటే స్ట్రాతో తాగి పుక్కిలించండి.

పొగాకు గురించి, ప్రశ్నలో లేకపోయినా, ఈ జిల్లాల్లో ఉంటూ రాయకుండా ఉండలేను. మన తీరం పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్లలో అడ్డపొగ అలవాటు ఇంకా ఉంది, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. కళింగపట్నం వైపునుంచి ఒక ముసలమ్మని మనవరాలు తీసుకొచ్చింది, "పళ్ల వెనక నలుపు తీయండి" అని. పళ్ల వెనక నిజంగానే తారు పూసినట్టుంది. కానీ అద్దం పెట్టి అంగిలి చూస్తే తెల్లగా మందమెక్కి, మధ్యలో ఎర్రటి చుక్కలు, ఒకచోట పుండు. నేను పళ్లు ముట్టుకోలేదు. ముక్క తీసి పరీక్షకి పంపమని ఆ రోజే రాసిచ్చాను. ఈ అలవాటు వల్ల అంగిలికి వచ్చే మార్పుల మీద ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామస్థులని చూసి చేసిన పరిశోధన 1971లోనే అచ్చయింది. ఇంత కాలమైనా మన ఇళ్లలో చాలామందికి ఆ ప్రమాదం తెలియదు. మీ ఇంట్లో అమ్మమ్మకో, నానమ్మకో ఈ అలవాటుంటే, మీ పన్ను చూపించుకోడానికి వెళ్లే రోజున ఆవిడనీ తీసుకెళ్లి అంగిలి చూపించండి.

పెళ్లికి నెలన్నర ఉందన్నారు కాబట్టి

ఈ వారంలోనే, వీలైతే మొదట వేసిన డాక్టర్ దగ్గరికే వెళ్లండి. ఏ సరుకు, ఏ షేడ్ వేశారో వాళ్ల దగ్గర రాసి ఉంటుంది, అది చాలా పనికొస్తుంది. "తీయకుండా ముందు క్లీనింగ్, పాలిషింగ్ చేసి చూడండి" అని మీరే అడగండి. నరం బతికుందో లేదో పరీక్ష చేయించుకోండి, అవసరమైతే ఎక్స్‌రే. పాలిషింగ్‌తో సరిపోతే అక్కడితో ఆగిపోండి.

పళ్లన్నీ తెల్లబరుచుకోవాలని కూడా ఉంటే ఒక్క విషయం. బ్లీచింగ్ మందు పన్నుని తెల్లబరుస్తుంది, సిమెంట్‌ని తెల్లబరచదు. అందుకే ముందు బ్లీచింగ్, తర్వాతే సిమెంట్ పని. మధ్యలో రెండు వారాలు ఆగాలి. బ్లీచింగ్ అయిన వెంటనే పన్నులో మిగిలిన ఆక్సిజన్ కొత్త సిమెంట్‌ని సరిగ్గా అంటుకోనివ్వదు, రంగు కూడా అప్పటికి స్థిరపడదు. మీకున్న నెలన్నరలో మొదటి రెండు వారాలు బ్లీచింగ్‌కి, తర్వాతి రెండు వారాలు ఆగడానికి, ఐదో వారంలో పైపొర మార్చడానికి సరిపోతుంది. ఆఖరి వారం ఖాళీగా ఉంచుకోండి. కొత్త పొర రంగు మర్నాడు పగటి వెలుతురులో చూసుకుని ఏమైనా తేడా ఉంటే సరిచేయించుకోడానికి ఆ వారం కావాలి.